వాగు గట్టు నుంచి



హైటెక్ సిటీ అద్దాల మేడల్లో పనిచేసే మనలో చాలామందికి పటాన్‌చెరు అంటే ముంబయి రహదారి మీద ట్రాఫిక్ ఆగే చోటు. నక్కవాగు పక్క రైతుకు అది పాడైపోయిన బావి. ఈ సంచికను ఆ వాగు గట్టు మీద నిలబడి మొదలుపెట్టాలనుకున్నాం.

అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు వచ్చేవి. శుద్ధి చేసి వదిలిన నీటినే స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. క్రిములు మందులకు లొంగకుండా మొండికెత్తడానికి ఇంతకన్నా ఏం కావాలి?

తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేసి, ఆ నీటిని నగర మురుగుతో కలిపి అంబర్‌పేటలో మూసీ ఒడ్డునున్న మురుగు శుద్ధి ప్లాంటుకు పంపారు. ఇళ్ళ మురుగు కోసం కట్టిన ప్లాంటు రసాయనాలను ఏం చేయగలదు? మూసీ దిగువ జనం అడిగిన ఈ ప్రశ్నను అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. పటాన్‌చెరు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కి, ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళను ఆ దిగువ జనం చూస్తూనే ఉన్నారు. వాళ్ళ అపనమ్మకం అనుభవంలోంచి పుట్టింది.

మూసీకి మళ్ళీ ప్రాణం పోస్తామని ప్రభుత్వం అంటున్న ఈ రోజుల్లో ఆ అనుభవాన్ని వినాలని మా కోరిక. ఈ సంచికలో మాట్లాడినవాళ్ళెవరూ ఫ్యాక్టరీలు మూసేయమని అనలేదు. ప్లాంటులోకి ఏ నీరు వస్తోంది, ఏ నీరు బయటికి పోతోంది, ఆ లెక్క ఊరి గోడ మీద తెలుగులో రాయమంటున్నారు.