నిషేధమూ లేదు, విడుదలా లేదు

మన పిల్లలు ఇప్పుడు సినిమాకు వెళ్లడం తగ్గింది. సినిమాయే వారి దగ్గరకు వస్తున్నది. ఇషా నమాజు ముగిసి ఇల్లు సద్దుమణిగిన వేళ ఎవరి సెల్‌ఫోన్‌లో వారు చూస్తున్నది నెట్‌ఫ్లిక్స్‌లోనో, ప్రైమ్ వీడియోలోనో కొత్తగా వచ్చిన హిందీ చిత్రమే. ఇంట్లో ఉర్దూ, దక్కనీ మాట్లాడుకునే కుటుంబాలకు హిందీ సినిమా పరాయిది కాదు. 2025 జూలై 18న థియేటర్లలో విడుదలైన 'సైయారా' సెప్టెంబర్ 12 నాటికి నెట్‌ఫ్లిక్స్‌కు చేరింది. ఆ కొద్ది కాలంలోనే అహాన్ పాండే, అనీత్ పడ్డా అనే యువ తారల పేర్లు మన వీధుల్లోని కాలేజీ పిల్లలకు కంఠతా వచ్చాయి.

"సినిమాల గొడవ మనకెందుకు? వక్ఫ్, రిజర్వేషన్లు, చదువులు, ఉద్యోగాలు చాలవా?" అని మన పెద్దలు కొందరు అంటారు. వారి పట్ల గౌరవంతోనే ఆ మాటను అంగీకరించలేను. పొరుగింటివాడు మనల్ని గురించి ఏమనుకుంటున్నాడో, మన బిడ్డ తనను గురించి తాను ఏమనుకుంటున్నాడో నిర్ణయించే చోట్లలో తెర ఒకటి. పోలీసు విచారణలో, ఇల్లు అద్దెకు అడిగే గుమ్మంలో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఎదురయ్యే చూపు ఎక్కడో ఒకచోట తయారవుతుంది. ఆ తయారీ గురించి మాట్లాడకుండా హక్కుల గురించి మాట్లాడటం సగం పని.

పోస్టరు మీది పేరు, కథలోని పేరు

"ఖాన్‌లు ఏలుతున్న పరిశ్రమలో వివక్ష ఎక్కడిది?" అన్న ప్రశ్న తరచుగా వినవస్తుంది. ఇప్పుడు ఆ ఖాన్‌ల తరువాతి తరం కూడా ఓటీటీ ద్వారానే అడుగుపెడుతున్నది. షారుఖ్ ఖాన్ కుమార్తె సుహానా 2023 డిసెంబర్‌లో 'ది ఆర్చీస్'తో, సైఫ్ అలీ ఖాన్ కుమారుడు ఇబ్రహీం 2025 మార్చిలో 'నాదానియా'తో నెట్‌ఫ్లిక్స్‌లోనే తొలిసారి కనిపించారు. మొదటి చిత్రంలో ఆమె వెరోనికా. రెండవదానిలో అతడు అర్జున్ మెహతా. నటులు ఏ పాత్రనైనా ధరించవచ్చు, అందులో దోషమేమీ లేదు. అయితే పోస్టరు మీద ఖాన్ అన్న పేరు ఉన్నంత మాత్రాన కథలో మనకు చోటు దక్కినట్లు కాదు. ఈ రెండింటినీ కలిపి లెక్కవేసేవారు తప్పు లెక్క వేస్తున్నారు.

ఆ పేరు రక్షణ కూడా ఇవ్వదు. 2021 అక్టోబర్‌లో ఆర్యన్ ఖాన్‌ను మాదకద్రవ్యాల కేసులో అరెస్టు చేశారు. బెయిలు మీద బయటకు వచ్చేసరికి నెల గడవవచ్చింది. ఆ నెలంతా టెలివిజన్ తీర్పులు చెబుతూనే ఉన్నది. 2022 మేలో దర్యాప్తు సంస్థే తగిన ఆధారాలు లేవంటూ అభియోగపత్రంలో అతని పేరు చేర్చలేదు. 2025 సెప్టెంబర్‌లో అతడు దర్శకుడిగా ఒక నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌తో జనం ముందుకు వచ్చాడు. దేశంలోకెల్లా పేరున్న తండ్రి, పేరుమోసిన న్యాయవాదులు ఉన్న యువకుడికి అది సాధ్యమైంది. పంక్చర్ల దుకాణం నడుపుకునే తండ్రి కొడుకుకు అదే జరిగితే అతని రెండవ అధ్యాయం ఎక్కడ మొదలవుతుంది?

దీనికి ఎదురుగా మరొక దృశ్యం చూడండి. 'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్'లో నాసిర్ షేఖ్ పాత్ర పోషించిన ఆదర్శ్ గౌరవ్ జంషెడ్‌పూర్‌లో పుట్టిన తెలుగు కుటుంబపు బిడ్డ, ఇంటిపేరు భాగవతుల. 'హోమ్‌బౌండ్'లో షోయబ్‌గా కనిపించినవాడు ఇషాన్ ఖట్టర్. మన జీవితానికి ఇటీవల దక్కిన నిజాయితీ గల చిత్రణల్లో ఈ రెండూ ముందు వరుసలో ఉంటాయి. కాబట్టి మనం అడగవలసింది నటుడి మతం గురించి కాదు. పాత్రకు ఒక ఇల్లు, ఒక వృత్తి, ఒక కోరిక, ఒక చమత్కారం ఇచ్చారా లేదా అన్నదే అడగాలి.

ఉద్యోగం వెతుక్కునే సికందర్, ఉద్యోగం వెతుక్కునే షోయబ్

హిందీ తెర మనల్ని చాలాకాలం నవాబులుగానూ తవాయిఫ్‌లుగానూ చూపింది. తరువాత నాయకుడి కోసం ప్రాణమిచ్చే స్నేహితుణ్ని చేసింది. 1990ల నుంచి తుపాకీ చేతికిచ్చింది. ఈ వరుసలో వేరుగా నిలిచినది ఎం.ఎస్. సత్యు తీసిన 'గరమ్ హవా'. దేశవిభజన తరువాత ఆగ్రాలో చెప్పుల వ్యాపారం చేసుకునే సలీమ్ మీర్జా కుటుంబ కథ అది. అల్లర్లు రేగుతాయన్న భయంతో సెన్సార్ వద్ద నెలల తరబడి ఆగిన తరువాతే విడుదలైంది. పట్టా చేతబట్టుకుని ఉద్యోగం కోసం తిరిగే చిన్న కొడుకు సికందర్‌గా కనిపించిన ఫారూఖ్ షేఖ్‌కు అదే తొలి చిత్రం.

యాభై ఏళ్ల తరువాత నీరజ్ ఘాయ్‌వాన్ 'హోమ్‌బౌండ్'లో షోయబ్ అదే పట్టా పట్టుకుని నిలబడ్డాడు. అతనికీ, దళితుడైన అతని మిత్రుడు చందన్‌కూ ఒకే కల: పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం. యూనిఫాం వేసుకుంటే కులమూ మతమూ చూసి ఎవరూ కించపరచరన్న ఆశ. చందన్‌గా విశాల్ జేఠ్వా నటించాడు. ప్రభుత్వోద్యోగాల్లో మన వాటా గురించి 2006లో సచార్ కమిటీ పట్టికల్లో చెప్పిన సంగతిని ఈ ఇద్దరు యువనటులు ముఖాలతో చెప్పారు. పట్టిక చదివినవారు కొందరే. ముఖం చూసినవారు లక్షల మంది.

ఆ కథకు మూలం 2020 మేలో దేశమంతా చూసిన ఒక ఛాయాచిత్రం. లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి సొంతూరికి లారీలో బయలుదేరిన ఇద్దరు మిత్రుల్లో ఒకరికి జ్వరం వచ్చింది. కరోనా భయంతో తోటి ప్రయాణికులు అతన్ని దించివేయమన్నారు. రెండవవాడు తానూ దిగిపోయి, మిత్రుడి తలను ఒడిలో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాడు. దిగిపోయినవాడు ముస్లిం, మరణించినవాడు దళితుడు. బషారత్ పీర్ ఆ స్నేహాన్ని న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసంగా రాశారు. ఆ రోజుల్లోనే తబ్లీగీ జమాత్ పేరు చెప్పి రోగాన్ని మన గడపకు అంటగట్టిన సంగతి మరువలేము. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. ఆ తీర్పు ఎన్ని ఇళ్లకు చేరిందో గాని, 'హోమ్‌బౌండ్' చేరింది. 2025 సెప్టెంబర్ 26న థియేటర్లలోకి, నవంబర్ 21న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. భారతదేశపు అధికారిక ఎంట్రీగా ఆస్కార్ వడపోతలో 15 చిత్రాల జాబితా వరకు వెళ్లింది.

'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్' మరొక దారిలో ఇదే మేలు చేసింది. మరమగ్గాల పట్టణమైన మాలేగావ్ పేరు 2006, 2008 పేలుళ్ల వార్తలతోనే దేశానికి పరిచయం. 2006 కేసులో అరెస్టయిన ముస్లిం యువకులను 2016లో న్యాయస్థానం కేసు నుంచి విముక్తుల్ని చేసినా, అరెస్టు వార్తకు దక్కిన అక్షరాల పరిమాణం విడుదల వార్తకు దక్కలేదు. రీమా కాగ్తీ చిత్రంలో అదే ఊరి కుర్రాళ్లు చేబదుళ్లు తెచ్చి, పాత కెమెరాతో 'షోలే'ను తమ పద్ధతిలో మళ్లీ తీస్తారు, నవ్విస్తారు, తగవులాడుకుంటారు, జబ్బుపడిన మిత్రుణ్ని సూపర్‌మ్యాన్‌ను చేస్తారు. ఎవరి దేశభక్తినీ ఎవరూ పరీక్షించరు. థియేటర్లలో ఆ చిత్రం ఎక్కువ రోజులు ఆడలేదు. 2025 ఏప్రిల్ 25న ప్రైమ్ వీడియోలోకి వచ్చాకే చాలామంది చూడగలిగారు. 2023లో వచ్చిన 'ది రైల్వే మెన్'లో ఇర్ఫాన్ ఖాన్ కుమారుడు బాబిల్ పోషించిన ఇమాద్ రియాజ్ కూడా ఇటువంటివాడే: భోపాల్ విషవాయువు రాత్రి తోటివారి ప్రాణాల కోసం పరుగెత్తిన ఒక కార్మికుడు.

తొక్కిపెట్టిన ఫైలు

ఇదంతా చూసి ఓటీటీ మన పాలిట వరమని సంతోషించేలోపు రెండవ వైపు కూడా చూడాలి. దిబాకర్ బెనర్జీ 'తీస్' అనే చిత్రాన్ని నెట్‌ఫ్లిక్స్ కోసమే తీశారు. 1989 శ్రీనగర్, 2019 ముంబై, 2042 ఢిల్లీ: ఒక కశ్మీరీ ముస్లిం కుటుంబపు మూడు తరాల కథ. నసీరుద్దీన్ షా, మనీషా కోయిరాలా, హుమా ఖురేషీ ఉన్నారు. మాలేగావ్ చిత్రంలో సూపర్‌మ్యాన్‌గా మనల్ని ఏడిపించిన శశాంక్ అరోరా ఇందులోనూ ఉన్నాడు. చిత్రం ఎప్పుడో పూర్తయింది. నెట్‌ఫ్లిక్స్ విడుదల చేయలేదు. 2024లో ధర్మశాల చలనచిత్రోత్సవం వంటి చోట్ల కొద్దిమందికి మాత్రమే కనబడింది. ఏ ప్రభుత్వమూ దానిని నిషేధించలేదు. ఏ న్యాయస్థానమూ ఆపలేదు.

జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్య గడిపినవాడికి ఈ పద్ధతి కొత్త కాదు. అర్జీని తిరస్కరిస్తే కారణం రాయాలి. కారణం రాస్తే అప్పీలుకు దారి దొరుకుతుంది. అందుచేత తెలివైన అధికారి తిరస్కరించడు. 'మాట్లాడండి' అని అంచున ఒక ముక్క రాసి ఫైలును వెనక్కు పంపుతాడు. అది బీరువాలో బతికే ఉంటుంది. అర్జీదారు మాత్రం తిరిగి తిరిగి చెప్పులరిగి ఊరుకుంటాడు. నిషేధానికి వ్యతిరేకంగా కోర్టుకు వెళ్లవచ్చు. మౌనానికి వ్యతిరేకంగా ఎక్కడికి వెళ్లాలి?

ఈ భయం ఎప్పుడు మొదలైందో స్థూలంగా చెప్పవచ్చు. 2021 జనవరిలో ప్రైమ్ వీడియోలో వచ్చిన 'తాండవ్' మీద అనేక రాష్ట్రాల్లో కేసులు నమోదయ్యాయి. నటుడు జీషాన్ అయ్యూబ్‌నూ వదలలేదు. దృశ్యాలు తొలగించారు, అమెజాన్ క్షమాపణ చెప్పింది. ఆ ఫిబ్రవరి 25నే కేంద్రం డిజిటల్ మాధ్యమాలకు కొత్త నియమాలు ప్రకటించింది. ఆ తరువాత ఓటీటీ సంస్థల్లో కథను చదివేవారికంటే ముందు వకీలు చదవడం మొదలైంది. కులమూ మతవిద్వేషమూ పోలీసు వ్యవస్థలో ఎలా పనిచేస్తాయో చూపిన సంధ్యా సూరి 'సంతోష్'కు 2025లో సెన్సార్ అనుమతి దొరకలేదు. ఓటీటీలో వస్తుందని తేదీ ప్రకటించాక అదీ ఆగిపోయింది. మరోవైపు 'ది కేరళ స్టోరీ' సంగతి చూడండి. 32 వేల మంది అన్న సంఖ్యకు ప్రామాణిక ఆధారం లేదనీ, కథ కల్పితమనీ తెర మీద ప్రకటించేలా 2023 మేలో సుప్రీంకోర్టు చేసింది. ఆ చిత్రం 2024 ఫిబ్రవరి నుంచి ఓటీటీలో నిరాటంకంగా ఆడుతున్నది. ఆధారం లేని సంఖ్యకు తలుపు తెరిచి ఉన్నది. మూడు తరాల కుటుంబానికి మూసి ఉన్నది. అభ్యంతరం ఇక్కడ.

మనమూ ఆలోచించాలి

అయితే ఈ మాట చెప్పే అర్హత మనకు ఉండాలంటే మన పద్ధతినీ సరిచూసుకోవాలి. 2024లో 'హమారే బారహ్', 2025లో షాబానో కేసు ప్రేరణతో వచ్చిన 'హక్' విడుదలకు ముందే నిలిపివేయాలని కోర్టుల దాకా వెళ్లారు. బాధ అర్థం చేసుకోదగినదే. మతాన్ని కించపరచే ప్రచారాన్ని చట్టం ముందు ఎదుర్కోవడం మన హక్కు కూడా. కాని నచ్చని ప్రతి కథనూ ఆపమని అడిగే సమాజం 'తీస్'ను విడుదల చేయమని ఏ నోటితో అడగగలదు? 'హక్'తో విభేదించేవారు 1985 తీర్పు దగ్గరే ఆగకుండా 2001 నాటి డానియల్ లతీఫీ తీర్పును జనానికి చెప్పవచ్చు. 1986 చట్టాన్ని నిలుపుతూనే, విడాకులు పొందిన స్త్రీకి ఆమె భవిష్యత్తుకు సరిపడా న్యాయమైన ఏర్పాటు ఇద్దత్ కాలంలోపే చేయాలని అందులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంతకంటే ముందు మన మొహల్లాల్లో మనోవర్తి అందని ఆడబిడ్డలు ఎందరున్నారో మనమే లెక్క తీయాలి. ఆ లెక్క మన దగ్గర ఉంటే ఏ సినిమాకూ భయపడనవసరం లేదు.

చేయగలిగినవి

కుటుంబాలకు నా విన్నపం ఇది. ఓటీటీలో ఎవరేమి చూశారు, ఎంతవరకు చూశారు అన్నది సంస్థ లెక్క రాసుకుంటుంది. తరువాతి కథకు డబ్బు ఆ లెక్కను బట్టే వస్తుంది. మంచి చిత్రాన్ని పొగిడి ఊరుకుంటే చాలదు, ఆఖరిదాకా చూడాలి. ప్రతి చిత్రం మీదా వయసు సూచన ఉంటుంది: యు/ఎ 7+, 13+, 16+, పెద్దలకు మాత్రమే. తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటూ ఉన్నది. పిల్లలకు తగనిది అక్కడ ఆపండి. తగినదాన్ని పక్కన కూర్చుని చూడండి, అయ్యాక మాట్లాడండి. షోయబ్ ఎందుకు తల దించుకున్నాడని పిల్లవాడు అడిగితే, ఆ జవాబు చెప్పవలసింది మనమే.

కార్యకర్తలకు మరొక మాట. 2021 నియమాల ప్రకారం ప్రతి ఓటీటీ సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అసత్య చిత్రణ మీద ఆవేశంతో వాట్సాప్‌లో పంపుకునే బదులు, ఏ దృశ్యం, ఏ నిమిషం, ఏమి తప్పు అన్నది స్పష్టంగా రాసి ఆ అధికారికి పంపండి, నకలు దాచండి. ఆగిపోయిన చిత్రాలను ఎందుకు విడుదల చేయరో చందాదారులుగా అదే వినయంతో అడగండి. కాగితం మీద వచ్చిన ప్రశ్నకు విలువ ఉన్నదని నా అనుభవం.

ఇక చివరిది. మన ఇళ్లలో ఇంజనీరింగ్, వైద్యం, గల్ఫ్ ఉద్యోగం తప్ప మరో మాట వినబడదు. మాలేగావ్ కుర్రాళ్లకు ఉన్నపాటి ధైర్యం కర్నూలులో, గుంటూరులో, నిజామాబాద్‌లో, హైదరాబాద్ పాతబస్తీలో ఉన్న పిల్లలకు లేకపోలేదు. మర్యాద తప్పకుండా, నిజం దాచకుండా మన కథ రాయాలనుకునే అబ్బాయినో అమ్మాయినో "ఇదేం పని?" అని గద్దించకుండా ఒక ఏడాది గడువు ఇవ్వండి. మన కథ మనవాళ్లే రాసి పెట్టుకుంటే, ఎవరి బీరువాలోనో చిక్కుకున్న ఒక్క ఫైలు మీద మన పరువు ఆధారపడి ఉండదు.