అప్పీలు వేస్తే తీర్పు ఆగుతుందా?

సస్పెండైన ఉద్యోగిని మళ్లీ విధుల్లోకి తీసుకోమని తీర్పొస్తే, ‘అప్పీలు వేశాం’ అంటూ ఫైలు తొక్కిపెట్టడం సర్కార్లకు అలవాటైంది. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగదు. పైకోర్టు స్టే ఇస్తేనే ఆగుతుంది.

ఐపీఎస్ అధికారి ఏబీ వెంకటేశ్వరరావు సంగతే చూడండి. 2024 మే 8న క్యాట్ ఆయన సస్పెన్షన్‌ను కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైకోర్టుకెక్కింది. మే 30న హైకోర్టు జోక్యానికి నిరాకరించింది. 31న పోస్టింగ్, అదే రోజు రిటైర్మెంట్!

డీజీ ర్యాంకు అధికారికే ఒక్కరోజు కొలువు దక్కితే, గూడూరు గుమాస్తాకు దిక్కెవరు?

స్టే లేకుంటే తీర్పు నకలుతో జాయినింగ్ రిపోర్టు ఇవ్వండి. రసీదు తీసుకోండి. చేర్చుకోకపోతే ఏడాదిలోపే, తీర్పిచ్చిన చోటే ధిక్కార పిటిషన్ వేయండి. గెలిచినోణ్ని గుమ్మం బయట నిలబెట్టడం కూడా శిక్షే. ఉద్యోగ సంఘాలూ, ఇకనైనా నోరు విప్పండి!