పసిబిడ్డ తల్లియు నపరాధపరిశోధనయు

అపరాధపరిశోధక నవలలు పిల్లల చేతి కీయదగినవా కావా యను తర్కము తెలుగునాట నూరేండ్ల నాటిది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో పాంచకడి దే వ్రాసిన వంగనవలలు తెలుగులోనికి వచ్చినప్పుడు వానిని ఆతురతతో చదివిన యువకులును గలరు, చూచి మొగము చిట్లించిన పెద్దలును గలరు. తరువాతి కాలమున కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరును, అతని సహాయకుడు రాజును ఇంటింట పరిచితులైరి. మేము చదివిన యిట్టి నవలలలో నేరమును ఛేదించువాడు తఱచుగా పురుషుడే. స్త్రీ హతురాలుగానో, అనుమానితురాలుగానో, ఆపదలో చిక్కి రక్షణ కోరునదిగానో కానవచ్చును. ఒడిలో పసిబిడ్డ నుంచుకొని నేరస్థుని జాడ తీసిన తల్లి మాత్రము మాకు వానిలో కనబడలేదు. ఈ లోటు చిన్నదియే యని తోచవచ్చును. కాని యిందొక పెద్ద సంగతి దాగి యున్నదని చదువరులకు విన్నవింప దలచినారము.

ఆంగ్లభాషలో నిట్టి కథల కొక ప్రత్యేకశాఖ గలదు. దానిని 'కోజీ' యందురు. చలిరాత్రి కంబళి కప్పుకొని హాయిగా చదువదగినదని దాని భావము. అందు హత్య జరుగును గాని రక్తపుమడుగులు వర్ణింపబడవు. ఒకరి నొకరెఱిగిన చిన్న ఊరు, పోలీసుకొలువుతో సంబంధములేని సామాన్యవ్యక్తి పరిశోధనకు పూనుకొనుట, తుదకు దోషి బయలుపడి ఊరు కుదుటబడుట, ఇవి దాని లక్షణములు. అగాథా క్రిస్టీగారి మిస్ మార్పిల్ అను అవివాహిత వృద్ధురాలు దీనికి మేటి యుదాహరణము. క్రిస్టీగారు తన తొలినవలను మొదటి ప్రపంచయుద్ధకాలమున వ్రాసిరి. అది 1920లో వెలువడునప్పటికి ఆమె యొడిలో నేడాది బిడ్డ యుండెను. హత్యాకథకును పసిబిడ్డ తల్లికిని పొత్తు కుదురునా యని శంకించువారి కీ యొక్క యుదాహరణము చాలును.

అయినను పసిబిడ్డ తల్లియే కథకు నాయికయైన నవలలు అధికముగా వచ్చినది యిటీవలనే. అయెలెట్ వాల్డ్‌మన్ అను అమెరికా రచయిత్రి 2000 మొదలు 2006 వఱకు ఏడు నవలలు వ్రాసిరి. వానిలో నాయిక జూలియట్ ఆపిల్‌బామ్. ఈమె పూర్వము లాస్ ఏంజిల్సు నగరమున బీదలైన నిందితుల పక్షమున వాదించు ప్రభుత్వ న్యాయవాది. బిడ్డలకొఱకు ఉద్యోగము మానుకొన్నది. 2001లో వెలువడిన రెండవ నవల పేరు 'ది బిగ్ న్యాప్'. రేమండ్ చాండ్లర్ 1939లో ప్రకటించిన 'ది బిగ్ స్లీప్' అను ప్రసిద్ధనవల పేరును హాస్యముగా మార్చి పెట్టిన పేరిది. అచ్చట పెద్దనిద్ర యనగా మరణము. ఇచ్చట నాయిక కోరునది ఒక్కగంట కునుకు. చంటిబిడ్డతో రాత్రులు నిద్రలేక యున్న యామె బిడ్డను చూచుకొనుటకొక బాలికను కుదుర్చుకొనును. ఆ బాలిక కానరాకుండ పోవును. ఆమె జాడ తీయుటయే కథ.

ఇట్టి నవలలను గూర్చి చదువరు లాడుకొను మాటలలో ప్రశంసయు గలదు, ఆక్షేపణయు గలదు. ప్రశంసించువారు, "బాలింత బడలిక నుబుసుపోకకు కాక ఉన్నదున్నట్లు చూపినారు, మా గతియే యిందున్నది" అందురు. ఆక్షేపణలు ముఖ్యముగా మూడు. కథ నడువవలసినప్పుడెల్ల బిడ్డ నిద్రించుట నమ్మదగినది కాదనునది మొదటిది. బిడ్డ తల్లి హంతకుల వెంటబడుట బాధ్యత లేని పని యనునది రెండవది. హత్యను వినోదముగా జేయుట బాలబాలికలకు హాని యనునది మూడవది. ఈ మూటిని ఒక్కొక్కటిగా విమర్శింతము.

మొదటి యాక్షేపణ న్యాయమైనదే. అప్పుడే పుట్టిన బిడ్డ రెండు మూడు గంటల కొకమారు పాలకై మేల్కొనును. దినమునకు ఎనిమిది మొదలు పండ్రెండు మార్లు త్రాగును. ఈ సంగతి మఱచి వ్రాసిన కథ తల్లుల యెదుట నిలువదు. కాని నేర్పరియైన రచయిత కీ యడ్డంకియే యూతయగును. ఊరంతయు నిద్రించు రెండవజామున మేల్కొనియుండు వారెవ్వరు? పహరావాడును పసిబిడ్డ తల్లియును. ఏ యింటి దీపము వెలిగెనో, ఏ కుక్క మొఱగక యూరకుండెనో, ఏ బండి యెప్పుడు కదలెనో ఆమెకు దెలియును. పాలిచ్చిన వేళలే యామెకు గడియారము. సాక్షి కింతకంటె నేమి కావలెను?

మన ప్రాంతమున నిట్టి కథ వ్రాయదలచినవారికి చిక్కు వేఱొకటి గలదు. లాస్ ఏంజిల్సు తల్లికి బిడ్డ నెత్తుకొనువారు దొరకరు. మెట్‌పల్లిలో తొలికాన్పునకు తల్లిగారింటికి వచ్చిన యామెకు ఎత్తుకొనువారు పదిమంది. ఒంటరిగా నుండుటయే దొరకదు. చెవులలో దూది, తలకు గుడ్డ, గడప దాటరాదను కట్టడి. గడప దాటని యామె పరిశోధన యెట్లు చేయును? ఆలోచించి చూడుడు. బిడ్డను చూడవచ్చు చుట్టములు, నీళ్లు పోయు ముసలమ్మ, బీడీల చాట యొడిలో పెట్టుకొని వచ్చి కూర్చుండు పొరుగింటి స్త్రీలు, పసుపు అంగడినుండి వచ్చిన మేనమామ, వీరందఱును తమంతట తామే వార్తలు మోసికొని వచ్చి యామె మంచము ప్రక్కన దించుదురు. ఆమె పోనక్కఱలేదు, ఊరే యామెయొద్దకు వచ్చును. ఆర్జీ దొరసాని 1901 మొదలు ప్రకటించిన కథలలో నొక వృద్ధుడు టీదుకాణపు మూలను కూర్చుండియే చిక్కుముడులు విప్పును. టీదుకాణపు మూల చేయగల పని పురిటిమంచము చేయలేదా? తెలుగున నిట్టి నవల వ్రాయువారికి దినుసులు మన యిండ్లలోనే యున్నవి.

ఇక రెండవ యాక్షేపణ. తల్లి యపాయమునకు పోరాదనువారిని మేమొక ప్రశ్న యడిగెదము. నేరస్థుని వెన్నాడు పురుషుని కథ చదువునప్పుడు, "ఇతని యింట బిడ్డ నెవరు చూచుకొనుచున్నారు?" అని యెన్నడైన నడిగితిరా? తండ్రికి లేని నింద తల్లికేల? అయినను ఈ యాక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. బిడ్డకు తల్లిపై హక్కు గలదు. కావున మంచికథలో తల్లి తన బుద్ధితో జాడ తీసి, ఆ జాడను విశ్వాసపాత్రుల కెఱిగించి, దోషిని పట్టుకొను పనిని దానికొఱకు నియమింపబడినవారికి విడువవలెను. బిడ్డను వెంటబెట్టుకొని చీకటిగిడ్డంగిలో దూఱు నాయికను మేము మెచ్చము. అది ధైర్యము కాదు, రచయిత తొందరపాటు.

మూడవ యాక్షేపణ మిగుల గంభీరమైనది. ప్రాణము పోవుట పొడుపుకథ కారాదు. ఈ భయము ఆ కథలు వ్రాయువారికిని కలిగినది. రోనల్డ్ నాక్స్ అను క్రైస్తవ గురువు తానును డిటెక్టివు నవలలు వ్రాసి, 1929లో వాని రచనకు పది నియమములు కూర్చెను. పరిశోధకుడు తానే నేరము చేయరాదు, అతనికి దొరకిన యాధారములను చదువరికి దాచరాదు, వీనివంటి నియమములవి. న్యాయముగా నడుపబడిన కథ చదువరికి తొందరపడి తీర్పు తీర్చవద్దని నేర్పును. మొదట మన మనుమానించినవాడు తఱచుగా నిర్దోషియగును. ఈ యొక్క పాఠము పాఠశాలలోను, వీథిలోను, పంచాయతీలోను ఉపయోగించును. అయితే చనిపోయినవారి నెవ్వరును తలచుకొనని కథ, ఎంత చమత్కారమైనదైనను, మేలైనది కాదు. బిడ్డతల్లి పరిశోధకురాలైన కథ కీ దోషము సోకుట యరుదు. ఏలయన, ఒక ప్రాణమును నిలుపుటకు రాత్రింబగళ్లు శ్రమించు నామెకు మఱియొక ప్రాణము పోయినదను మాట తేలికగా వినబడదు.

ఆక్షేపణల కింతవఱకు సమాధానము చెప్పితిమి. మేము ముఖ్యముగా చెప్పదలచినది వేఱు. ఈ కథల సారము హంతకుడెవ్వడనుట కాదు. తల్లి మాట నెవ్వరు నమ్ముదురనుట. నిద్రలేని తల్లి యొక వింతను గమనించి చెప్పినయెడల ఇంటివారు ఏమందురు? "నీకు నిద్రలేదు, భ్రమపడుచున్నావు." ఈ మాట యే భాషలోనైన నొక్కటియే. ఆమె చూచినది నిజమని తేలువఱకు ఆమెతోకూడ నడచువాడు చదువరి యొక్కడే. ఎవ్వరును నమ్మని మనిషి పక్షమున మూడువందల పుటలు నిలిచి యుండుట చదువరి కొక సాధన.

ఈ విషయము క్రొత్తది కాదు. పరిశుద్ధగ్రంథమున రాజుల మొదటి గ్రంథము 3వ అధ్యాయములోని తీర్పు మన బాలురెల్లరు నెఱిగినదే. ఒకే యింట మూడుదినముల యెడముతో ప్రసవించిన యిద్దఱు స్త్రీలు. ఒక బిడ్డ మరణము. ఇంట మఱియొక సాక్షి లేడు. ఈ కథ చెప్పునప్పు డందఱును సొలొమోను బుద్ధినే పొగడుదురు. పొగడదగినదే. కాని రాజునొద్దకు రాకముందే జరిగిన పరిశోధన నొకటి మఱతురు. తెల్లవాఱుజామున బిడ్డకు పాలియ్య లేచిన తల్లి తన ప్రక్కనున్న బిడ్డ చనిపోయి యుండుట చూచెను. దుఃఖము కన్నులను గప్పు సమయమది. అయినను వెలుగు వచ్చినపిమ్మట పరికించి చూచి, ఆ బిడ్డ తన బిడ్డ కాదని గుర్తుపట్టెను. ఆ చూపే లేనియెడల వ్యాజ్యమే లేదు, తీర్పే లేదు. పైగా ఆ యిద్దఱును లోకము గౌరవింపని స్త్రీలు. రాజు వారి మాట వినుటకు సమ్మతించుటయే యాతని మొదటి వివేకము. బౌద్ధుల జాతకకథలలోను బిడ్డకై తగవులాడిన యిద్దఱు స్త్రీల తీర్పు మహోషధుని పేర చెప్పబడినది. ప్రాచీనులకు బిడ్డతల్లి సాక్ష్యము విలువ తెలిసినట్లే యున్నది.

మన యిండ్లలో హత్యలు జరుగవు గదా, ఈ చర్చ మనకేల యని యడుగవచ్చును. హంతకుడు లేకున్నను ఆనవాళ్లు గలవు. బిడ్డ పాలు సరిగా త్రాగుటలేదని తల్లి చెప్పును. "బిడ్డ లట్లే యుందురు" అని పెద్దలందురు. కాని పాలు త్రాగలేకపోవుట శిశువుల యపాయచిహ్నములలో నొకటి. నెమ్మదిగా నున్నప్పుడు నిమిషమునకు 60 గాని అంతకు మించి గాని శ్వాసలు, ఊపిరి పీల్చునప్పుడు ఱొమ్ము లోనికి గ్రుంగుట, మూర్ఛ, ఒడలు కాలుట లేక చల్లబడుట, కదలిక తగ్గుట, ఇవియు నట్టివే. వీనిలో నేదైన కనబడినయెడల ఆలస్యము చేయక 108కి తెలిపి ఆసుపత్రికి చేర్పవలెను. వీనిని మొదట చూచునది వైద్యుడు కాదు, తల్లి. ఆమె తన్ను గూర్చి చెప్పుకొను మాటయు నట్లే వినవలెను. బిడ్డ నిద్రించినను తనకు నిద్రరాదని, ఊరక దుఃఖము వచ్చుచున్నదని బాలింత చెప్పినచో అది బద్ధకము కాదు, గారాబము కాదు. వైద్యుని చూపవలసిన రోగలక్షణము కావచ్చును. మన ప్రాంతమున పలువురి భర్తలు గల్ఫుదేశములలో కూలికి పోయినవారు. అంత దూరమునుండి ఫోనులో, "నీవు లేనిపోనివి తలచుచున్నావు" అను మాట విన్న తల్లి మఱల నోరు తెఱవదు. అప్పుడు మూయబడినది పుస్తకము కాదు, ఒక సాక్షి నోరు.

కావున మా యభిప్రాయ మిది. ఇట్టి నవలలను పాఠశాల గ్రంథాలయమున నుంచుటకు జంకనక్కఱలేదు. ఏఱి కోరి యుంచవలెను: మృతులను మఱవనివి, చదువరిని మోసగింపనివి, బిడ్డను బొమ్మవలె మూల పడవేయనివి. విద్యార్థులు వానిని చదివి దోషి యెవ్వడని పందెములు వేసికొందురుగాక. పిమ్మట ఇంటికి పోయి, తమ యక్కయో వదినెయో బిడ్డ నొడిలో బెట్టుకొని యేదైన చెప్పినప్పుడు, యుగంధరుడు సాక్షి మాట విన్నట్లు శ్రద్ధగా విందురుగాక. తల్లిదండ్రులు ఈ కథలను కాలహరణమని త్రోసివేయకుండ తామును ఒక్కటి చదివి చూతురుగాక. తెలుగు రచయితలలో నెవరైన పురిటిమంచము నుండి లోకమును చూచు నాయికను సృష్టించినచో ఆ పుస్తకమునకు మెట్‌పల్లిలో చదువరులు తప్పక గలుగుదురు. అంతవఱకు మనకు వ్రాతలో లేని యా నాయిక మన వీథిలోనే, అర్ధరాత్రి దీపము వెలుగు నింట, మేల్కొని యున్నది. ఆమె యేమి చూచెనో యడుగుడు.