ఏనుగు చవగ్గానే వస్తుంది.. మేత సంగతేంటి?

‘అరేయ్, కొత్తగ యాభై లక్షల బండి. పదకొండుకు ఇస్తుండు. షోరూంల నుంచి ఇప్పుడే తీసినట్టుంది. తీసుకోనా?’

భూపాలపల్లి దోస్త్ ఫోన్. ఉద్యోగం వచ్చి అప్పటికి ఏడు నెలలు. వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశా. నల్లటి జర్మన్ డీజిల్ సెడాన్, లెదర్ సీట్లు, సన్‌రూఫ్. వయసు తొమ్మిదేళ్లు, ఢిల్లీ రిజిస్ట్రేషన్. టెక్నాలజీ మీద బ్లాగ్ రాసేవాణ్ని కదా, ఫీచర్లన్నీ చూసి ‘సూపర్ రా, తీసుకో’ అన్నా. గేర్‌బాక్స్ పోతే ఎంతవుతుందని మాత్రం అడగలేదు. ఈ వ్యాసం ఆ తప్పుకు నా సంజాయిషీ.

ఉద్యోగమే రాలేదు, కారు ముచ్చట ఎందుకంటారా? ఆఫర్ లెటర్ చేతికి రాగానే లోన్ కాల్స్ మొదలవుతాయి. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు వాడకట్టులోకి పెద్ద కారు వచ్చిందంటే ఆ ఇంటి పిల్లోడు సెటిలైనట్టే లెక్క. ఆ ఒత్తిడి మీద పడకముందే లెక్క తెలుసుకుంటే మంచిది.

ఎందుకంత చవక?

లగ్జరీ కారును కొత్తగా కొనేవాళ్లలో ఎక్కువమంది వ్యాపారులు, పెద్ద జీతగాళ్లు. వారంటీ అయిపోగానే మార్చేస్తారు. అంత స్తోమత ఉన్నవాళ్లు పాతది కొనరు. కొనాలని ఆశ ఉన్నవాళ్లు రిపేర్లకు భయపడతారు. అందుకే ధర పడిపోతుంది. అయితే తగ్గేది బండి ధరే. విడిభాగాలు, టైర్లు, సర్వీసు ఖర్చు యాభై లక్షల కారు స్థాయిలోనే ఉంటాయి. ఒక్క ఎల్‌ఈడీ హెడ్‌లైట్ యూనిట్ ఖర్చుకు మంచి బైక్ రావొచ్చు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పెద్ద పని పడితే బిల్లు లక్షల్లోకి పోతుంది.

ఢిల్లీ కార్లకు ఇంకో కారణముంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై అక్కడ 2015లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టింది. 2018లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. ఆ తర్వాత నిబంధనల్లో మార్పులు వచ్చినా, పదేళ్లకు దగ్గరపడ్డ డీజిల్ కార్లను వదిలించుకునే అలవాటు ఏర్పడింది. మావాడికి దొరికింది అలాంటిదే.

జీతంలో మిగిలేదెంత?

వాడికి నెలకు చేతికొచ్చేది 40 వేలు. మూడు లక్షలు బాపు ఇచ్చాడు, ఎనిమిది లక్షలు లోన్. పాత కార్ల లోన్‌కు వడ్డీ ఎక్కువ. 14 శాతం చొప్పున నాలుగేళ్లకు ఈఎంఐ దాదాపు 21,900. మొత్తం కట్టేది పదిన్నర లక్షలు, అంటే వడ్డీయే రెండున్నర లక్షలు. నెలకు 800 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 13 చొప్పున డీజిల్‌కు దగ్గర దగ్గర ఆరు వేలు. మిగిలింది 12 వేలు. హైదరాబాద్‌లో రూమ్ కిరాయి, తిండి అందులోనే. ఇన్సూరెన్స్ ఇంకా కలపలేదు. 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియమే 2022 రేట్ల ప్రకారం ఏడాదికి 7,897 రూపాయలు. ఇంత వయసున్న కారుకు చాలా కంపెనీలు జీరో డిప్రిసియేషన్ కవర్ ఇవ్వవు. గుద్దుకుంటే విడిభాగాల ఖర్చులో మన వాటా గట్టిగానే పడుతుంది.

కాగితాలే సగం కారు

వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ‘తర్వాత కొరియర్ చేస్తా భయ్యా’ అంటే అక్కడే ఆగండి. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే మన రాష్ట్ర నంబరు తీసుకోవాలి. భూపాలపల్లికి టీజీ 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 సిరీస్. అప్పుడు లైఫ్ ట్యాక్స్ లెక్క మీరు కొన్న పదకొండు లక్షల మీద వేయరు. కారు మొదటి ఇన్‌వాయిస్ ధర, దాని వయసు చూసి వేస్తారు. అది కూడా లక్షల్లో పడొచ్చు. పాత లోన్ ఉంటే ఫారం 35తో హైపోథికేషన్ తీసేశారా, ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయా చూసుకోండి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్పించాలి.

మీ పాత బైక్ అమ్మేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఆర్‌సీలో పేరు ఎవరిదో, ప్రమాదం జరిగితే బాధ్యత వాళ్లదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

నీళ్లలో మునిగిన బండా?

2023 జులైలో మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరులో కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. వరద ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. లగ్జరీ కార్లలో కంట్రోల్ యూనిట్లు, వైరింగ్ చాలావరకు సీట్ల కింద, కార్పెట్ కింద ఉంటాయి. తుడిచి సెంటు కొట్టినా లోపల తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి మరకలున్నాయా చూడండి. డిక్కీలో మ్యాట్ లేపి చూడండి. కొన్ని వేలు పోయినా సరే, తెలిసిన మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి. మీటర్ రీడింగును సర్వీసు రికార్డుతో పోల్చండి.

పెద్ద కార్లన్నీ దండగ అనడం లేదు. ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్, హైవే మీద నిలకడ.. ఆ భద్రతకు విలువుంది. ఇంట్లో రోజువారీ వాడకానికి వేరే బండి ఉండి, రిపేర్ల కోసం రెండు మూడు లక్షలు పక్కన పెట్టుకుని, నమ్మకమైన గ్యారేజీ దగ్గర్లో ఉన్నవాళ్లకు అది మంచి బేరమే కావొచ్చు. మొదటి జీతగాడికి ఈ మూడూ ఉండవు.

మావాడి కారు ఐదో నెలలో పరకాల దాటాక బొగ్గు లారీల మధ్య ఆగిపోయింది. గేర్ పడలేదు. హైదరాబాద్‌కు ట్రక్కు మీద ఎక్కించి పంపాం. ఎస్టిమేట్ 2 లక్షల 80 వేలు. అంతకంటే పెద్ద నష్టం తర్వాతి నెలలో జరిగింది. వాడు రెండేళ్లుగా కలలుగన్న డేటా ఇంజినీరింగ్ ఉద్యోగం పుణెలో వచ్చింది. మొదటి ఆరు నెలలు జీతం 28 వేలే, తర్వాత రెట్టింపు. ‘ఈఎంఐ కట్టినంక ఏం తినాలె రా?’ అన్నాడు. వదిలేసుకున్నాడు.

కెరీర్ మొదటి మూడేళ్లలో మన దగ్గరుండే పెద్ద ఆస్తి, తక్కువ జీతమైనా మంచి పని దొరికితే అటు వెళ్లగలిగే వీలు. ఈఎంఐ ముందు తినేది దాన్నే. అంత మోజుంటే ఓ పండక్కి సెల్ఫ్ డ్రైవ్‌లో కిరాయికి తెచ్చుకోండి, ఊరంతా తిప్పండి, సోమవారం తిరిగిచ్చేయండి. సొంతంగా కొనాలనిపిస్తే మాత్రం నేను మావాణ్ని అడగని ప్రశ్న మీరు అడగండి: రేపు ఇది రోడ్డు మీద ఆగిపోతే, ఎవరి దగ్గరా చేయి చాపకుండా బాగు చేయించగలనా?