కాన్సరు కాదన్నారని పరీక్ష మానవచ్చునా?

ప్రశ్న: మా అమ్మగారికి 52 ఏళ్లు. స్కానింగులో కుడి మూత్రపిండంలో 5 సెంటీమీటర్ల కంతి కనిపించింది. ‘ఆంజియోమయోలైపోమా’ అనీ, కాన్సరు కాదనీ చెప్పారు. రక్తనాళాలు చూడటానికి కాంట్రాస్టు మందు ఎక్కించి సీటీ తీయాలట. క్రియాటినిన్ 2 ఉంది. మందువల్ల కిడ్నీలు పాడవుతాయని అమ్మ ఒప్పుకోవడం లేదు. పరీక్ష మానేస్తే నష్టమేమిటి?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: నష్టం ఉంది. ఇది రక్తనాళాలు, కండరం, కొవ్వు కలిసి పెరిగిన కంతి. దీనిలోని నాళాల గోడలు బలహీనంగా ఉండి, ఒక్కొక్కచోట బుడగలా ఉబ్బుతాయి. ఆ ఉబ్బునే ‘ఎన్యూరిజం’ అంటారు. అది పగిలితే మూత్రపిండం చుట్టూ రక్తం చేరి ప్రాణంమీదికి రావచ్చు. కంతి 4 సెంటీమీటర్లు దాటినా, ఉబ్బు 5 మిల్లీమీటర్లు దాటినా ఆ ప్రమాదం ఎక్కువ.

అమ్మగారి భయాన్ని తోసివేయనక్కరలేదు. మూత్రపిండాలు మందగించినవారికి ఆ మందు ఇచ్చేముందు మేమూ లాభనష్టాలు ఆలోచిస్తాము. మందు లేకుండా చూసే మార్గాలూ ఉన్నాయి. డాప్లర్ అల్ట్రాసౌండులో రక్తప్రవాహం రంగుల్లో తెలుస్తుంది. ఎం.ఆర్.ఐ.లో ప్రవహించే రక్తాన్నే ఆధారం చేసుకుని నాళాలను చూపే పద్ధతులున్నాయి. అయితే కదలకుండా, చెప్పినట్లు ఊపిరి తీయాలి. ఒంట్లో పేస్‌మేకరువంటివి ఉంటే ముందే చెప్పాలి. మందు లేని సీటీ కొవ్వును బాగా చూపుతుందిగాని, ఉబ్బును చూపకపోవచ్చు. దానితో తృప్తిపడకండి. పరీక్ష చీటీమీద ‘కంతిలో ఎన్యూరిజం ఉన్నదా?’ అని డాక్టరుగారిచేత స్పష్టంగా వ్రాయించండి.

చిన్న ఉబ్బులు ఈ పరీక్షలకు చిక్కకపోవచ్చు. కనుక రిపోర్టు బాగున్నా, కంతి పెద్దది గనుక యూరాలజిస్టుకు చూపించాలి. అనుమానం తీరకపోతే కాంట్రాస్టు తప్పకపోవచ్చు. అవసరమైనంత మేరకే, తగు జాగ్రత్తలతో ఇస్తారు. చికిత్స అవసరమైతే, నాళంలోంచి సన్నని గొట్టం పంపి కంతికి రక్తం తెచ్చే దారిని మూసివేయవచ్చు. చాలామందిలో మూత్రపిండం తీసివేయనక్కరలేదు.

ఈలోగా నొప్పి మాత్రలు సొంతంగా వాడవద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. హఠాత్తుగా నడుము ప్రక్కన తీవ్రమైన నొప్పి, మూత్రంలో రక్తం, చెమటలు, కళ్లు తిరగడం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగక పెద్ద ఆస్పత్రికి తీసుకువెళ్లండి. పాత స్కాను ఫిల్ములు వెంట ఉంచుకోండి. అమ్మగారు వద్దనవలసివస్తే మందును వద్దనవచ్చు. పరీక్షను మాత్రం కాదు.