రాబిన్ కొనుక్కున్న స్వేచ్ఛ

పాడినందుకు కంపెనీ గాయనికి డబ్బివ్వడం మామూలు. పాతికేళ్ల వయసులో స్వీడన్ గాయని రాబిన్ తిరిగి కంపెనీకే డబ్బు కట్టి, తన కాంట్రాక్టు నుంచి బయటపడింది. ఆ మరుసటి ఏడు, 2005లో, కొనిచివా రికార్డ్స్ పేరుతో సొంత కంపెనీ పెట్టుకుంది. తెలుగులో పాడాలని కలలు కనే పిల్లలకూ, వాళ్లను పాటల పోటీలకు వెంటబెట్టుకుని తిరిగే అమ్మానాన్నలకూ ఈ కథ చేరాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రాబిన్ మిరియం కార్ల్‌సన్ 1979లో స్టాక్‌హోంలో పుట్టింది. తల్లిదండ్రులు నాటకాల వాళ్లు. సొంత బృందం కట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లు. సంగీత శిక్షణ కార్యక్రమానికని ఆమె చదివే బడికి వచ్చిన మేయా అనే గాయని, ఈ పిల్ల పాట విని రికార్డు కంపెనీ దృష్టికి తెచ్చింది. పదహారేళ్లు వచ్చేసరికి, 1995లో, ‘రాబిన్ ఈజ్ హియర్’ ఆల్బమ్ వచ్చేసింది. అందులో రెండు పాటలు డెన్నిజ్ పాప్, మాక్స్ మార్టిన్ జంట చేతిలో తయారయ్యాయి. ‘డు యు నో’, ‘షో మీ లవ్’ అనే ఆ రెండూ 1997లో అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 7వ స్థానం దాకా వెళ్లాయి. ఆ తర్వాతి ఏడాదే అదే మాక్స్ మార్టిన్ పాటతో బ్రిట్నీ స్పియర్స్ ప్రపంచాన్ని ఊపేసింది. రాబిన్ మాత్రం అప్పటికే ఒళ్లు అలిసి, మనసు అలిసి, ఇంటికి తిరిగొచ్చింది.

1999లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘మై ట్రూత్’లో ఆమె తన అబార్షన్ గురించి కూడా పాడింది. అమెరికా కంపెనీ మార్పులు అడిగింది. ఆమె ఒప్పుకోలేదు. ఆల్బమ్ అమెరికాలో విడుదలే కాలేదు. మూడో ఆల్బమ్ నాటికి కంపెనీకీ ఆమెకూ మధ్య దూరం ఇంకా పెరిగింది. ఆ రోజుల్లో ‘ది నైఫ్’ అనే అక్కాతమ్ముళ్ల జంట స్టాక్‌హోంలో సొంత కంపెనీ పెట్టుకుని, తమకు తోచిన ఎలక్ట్రానిక్ సంగీతం చేసుకుంటోంది. వాళ్లతో కలిసి రాబిన్ ‘హూజ్ దట్ గర్ల్’ అనే పాట చేసింది. అది కంపెనీకి నచ్చలేదు. ఇక లాభం లేదనుకుని ఆమె బయటికొచ్చేసింది.

సొంత కంపెనీలో వచ్చిన మొదటి ఆల్బమ్‌కు తన పేరే పెట్టింది. దానికి స్వీడన్ సంగీత పురస్కారాలు గ్రామిస్‌లో మూడు దక్కాయి. 2007లో నిర్మాత క్లీరప్‌తో కలిసి చేసిన ‘విత్ ఎవ్రీ హార్ట్‌బీట్’ బ్రిటన్‌లో 1వ స్థానానికి చేరింది. ఆ పాటలో మనం పల్లవి అనుకునేది ఎంతకీ రాదు. దరువు సాగుతూ సాగుతూ నడుమ ఒకచోట నిలిచిపోతుంది, వయొలిన్ల గుంపు ఒక్కటే మిగులుతుంది, ఆ తర్వాత చివర్లో ఒకే మాట పదే పదే వస్తుంది. పాట కట్టే ముందే హుక్ లైన్ అడిగేవాళ్ల దగ్గర ఇలాంటిది గట్టెక్కడం కష్టం.

కానీ నేను ఎక్కువసేపు ఆగాలనుకునేది 2010 నాటి ‘డాన్సింగ్ ఆన్ మై ఓన్’ దగ్గర. పాట మొదలవడమే సింథసైజర్ మీద గరుకైన బేస్ మోతతో మొదలవుతుంది. అది వదలదు. దాని మీద గట్టి డ్రమ్. కథ చాలా చిన్నది: మనసిచ్చినవాడు క్లబ్బులో ఇంకో అమ్మాయితో ఉన్నాడు, ఈమె ఓ మూల నుంచి చూస్తోంది, చూస్తూనే ఆడుతోంది. మన సినిమా పాటల అలవాటు ప్రకారం దుఃఖం వస్తే లయ తగ్గాలి. ఒకే పాటను ముందు హుషారుగా, తర్వాత విషాదంగా రెండుసార్లు పెట్టడం మనకు బాగా తెలుసు. రెండోసారి వేగం తగ్గుతుంది, గొంతులో జీర పెరుగుతుంది. రాబిన్ పాటలో దరువు ఒక్క పిసరు కూడా తగ్గదు. గదిలో అందరికీ అది పండగ, ఆమెకు కాదు. అయినా అందరి కాళ్ల కింద ఒకే దరువు. బాధంతా అక్కడే ఉంది. 2016లో బ్రిటన్ గాయకుడు కేలమ్ స్కాట్ ఇదే పాటను పియానో మీద నెమ్మదిగా పాడి అక్కడ 2వ స్థానం దాకా తీసుకెళ్లాడు. ఆ రూపం ఇంపుగానే ఉంటుంది. నా చెవికి మాత్రం అది సగం పాటే.

‘బాడీ టాక్’ పేరుతో 2010లోనే జూన్‌లో ఒక రికార్డు, సెప్టెంబర్‌లో ఒకటి, నవంబర్‌లో మరొకటి వదిలింది. పూర్తయిన పాటల్ని పూర్తయినప్పుడే వినిపించింది. ఆ తర్వాత సొంతంగా పూర్తి ఆల్బమ్ రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2018 నాటి ‘హనీ’ అది. ఒకే ఏడాదిలో మూడు, తర్వాత ఎనిమిదేళ్లకు ఒకటి. రెండు నిర్ణయాలూ ఆమెవే.

మన దగ్గర పాటలు ఇప్పుడు ‘లిరికల్’ పేరుతో సినిమా కంటే ముందే ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ఆ తేదీ పెట్టేది మాత్రం సినిమా ప్రచారం చూసుకునేవాళ్లు. సందర్భం దర్శకుడిది, బాణీ సంగీత దర్శకుడిది, హక్కులు ఆడియో కంపెనీవి. ట్రాక్ పాడి ఇంటికెళ్లి, పాట విడుదలయ్యాకే అందులో తన గొంతు ఉందో లేదో తెలుసుకునే గాయకులున్నారు. సినిమా పాట మనకిచ్చినది తక్కువేమీ కాదు, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. కానీ గొప్ప గొంతుకు సినిమా తప్ప వేరే ఇల్లు లేకపోవడం మన లోటు. స్మిత 2000లో ‘హాయ్ రబ్బా’ ఆల్బమ్‌తో తెలుగు పాప్‌కు దారి వేసింది. అయినా ఆమె పేరు చెప్పగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ‘మసక మసక’. అది 1973 నాటి సినిమా పాటకు కొత్త రూపం. ఈమధ్య తెలంగాణ జానపదం యూట్యూబ్‌లో వేరే దారి తీసింది. మంగ్లీ బతుకమ్మ పాటలతో జనంలోకి వెళ్లాకే సినిమా ఆమెను పిలిచింది.

పాట ఎవరిదన్న గొడవ మనకు కొత్తదీ కాదు. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలసుబ్రహ్మణ్యం గారికి తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దంటూ ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వెళ్లింది. ఇలా అనుమతి తీసుకోవాలని తనకు తెలియదని బాలు గారు చెప్పారు. అన్ని దశాబ్దాలు, అన్ని వేల పాటలు పాడిన మనిషికే తెలియకపోతే పదో తరగతి పిల్లకు ఎవరు చెబుతారు? 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీ హక్కు గట్టిపడింది, పాడినవాళ్లకూ రాయల్టీ హక్కు దక్కింది. గాయకుల హక్కుల సంఘం ‘ఇస్రా’ 2013లో ఏర్పడింది. చట్టం ఉంది. అది పాడేవాళ్ల ఇంటిదాకా రాలేదు.

రాబిన్‌ది ఒంటరి పోరాటం అనుకుంటే పొరపాటే. పదేళ్ల సంపాదన చేతిలో ఉంది కాబట్టే విడుదల కొనుక్కోగలిగింది. పైగా స్వీడన్‌లో మున్సిపాలిటీలే సంగీత బడులు నడుపుతాయి. కొద్దిపాటి ఫీజుతో ఏ ఇంటి పిల్లయినా వాద్యం నేర్చుకోవచ్చు. అంత చిన్న దేశం నుంచి ఇంత పాప్ సంగీతం రావడానికి ఆ బడులే పెద్ద కారణమని అక్కడివాళ్లు తరచూ చెబుతారు. రాబిన్ కూడా తనవంతు సాయం చేసింది. 2015లో స్టాక్‌హోంలోని కేటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయంతో కలిసి అమ్మాయిల కోసం ‘టెక్లా’ అనే ఉత్సవం మొదలుపెట్టింది. ప్రోగ్రామింగ్ దగ్గర్నుంచి సంగీతం తయారీ దాకా అక్కడ వాళ్లు తమ చేత్తో చేసి చూసుకుంటారు.

ప్రజల సొమ్ముతో నడిచే సంగీత కళాశాలలు మనకూ ఉన్నాయి. విజయనగరం కళాశాల 1919లోనే మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధిపతి. ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు. వర్ణాలు, కృతులతో పాటు అక్కడ రికార్డింగ్, మిక్సింగ్ కూడా నేర్పితే బాగుంటుంది. కాంట్రాక్టు చదవడం అంతకంటే ముందు నేర్పాలి. పాట అసలు ప్రతి, అంటే మాస్టర్ రికార్డింగ్, ఎవరి పేరిట ఉంటుంది, ఒప్పందం ఎన్నేళ్లు, మధ్యలో సొంత పాట విడుదల చేసుకోవచ్చా, వేదిక మీద పాడాలంటే ఎవరిని అడగాలి, రాయల్టీ లెక్క ఎప్పుడు చూపిస్తారు. టీవీ పాటల పోటీల్లో ఫైనల్‌కు వచ్చిన పిల్లలకు ఈ ప్రశ్నలు ఒక్క పూట కూర్చోబెట్టి చెప్పించవచ్చు. అమ్మానాన్నలు పక్కనే ఉండాలి, ఎందుకంటే మైనర్ల తరఫున సంతకం పెట్టేది వాళ్లే.