హెక్టర్ గొప్పా? అకిలీస్ గొప్పా?



పోయిన వారం టీచర్ గారు మాకు గ్రీకుల కథ ‘ఇలియడ్’ చెప్పారు. ఇది హోమర్ అనే కవి పేరు మీద ఉన్న కావ్యం. 24 భాగాలు. సుమారు 2,700 ఏళ్ళ కిందటిది. ఆ రోజు నుంచి మా తరగతి రెండు జట్లు అయిపోయింది. రాత్రి పక్కలు పరుచుకున్నాక కూడా అదే వాదన. అందుకే నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

నేను మొదటి నుంచీ హెక్టర్ జట్టే. హెలెన్‌ను తెచ్చి యుద్ధం తెచ్చింది తమ్ముడు పారిస్. ట్రాయ్ నగరాన్ని కాపాడే బరువు మాత్రం అన్న హెక్టర్ మీద పడింది. హెలెన్‌ను వేరేవాళ్ళు తిట్టినా హెక్టర్ ఏనాడూ ఒక్క కఠినమైన మాట అనలేదు. అతని శిరస్త్రాణం మీది కుచ్చు చూసి పసికొడుకు జడుసుకుంటే, నవ్వి, దాన్ని తీసి కింద పెట్టి, అప్పుడు ఎత్తుకున్నాడు.

అకిలీస్ అట్లా కాదు. రాజు తనను అవమానించాడని యుద్ధం మానేసి కూర్చున్నాడు. తనవాళ్ళు చస్తున్నా కదల్లేదు. చివరికి ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ అతని కవచం తొడుక్కుని వెళ్ళి హెక్టర్ చేతిలో చనిపోయాడు. అప్పుడు లేచాడు. ఎవరు గెలిచినా శవాన్ని అయినవాళ్ళకు ఇచ్చేద్దాం అని హెక్టర్ అడిగాడు. అకిలీస్ ఒప్పుకోలేదు. చంపి, కాళ్ళకు తోలుపట్టీలు కట్టి రథం వెనక ఈడ్చాడు. తల్లీ తండ్రీ కోటగోడ మీద నుంచి చూశారు.

ఇక మేమే గెలిచాం అనుకున్నాం. కాని టీచర్ గారు ఇంకో సంగతి చెప్పారు. పాట్రోక్లస్ చనిపోయినప్పుడు హెక్టర్ కూడా అతని కవచం ఒలిచాడు. తల నరికి, మొండేన్ని కుక్కలకు వేయాలని శవాన్ని లాగాడు. గ్రీకులు పోరాడి దక్కించుకున్నారు. అది విని మా జట్టులో ఎవ్వరం నోరు మెదపలేదు.

అకిలీస్ కూడా ఎప్పుడూ అట్లాంటివాడు కాదు. అంతకుముందు హెక్టర్ భార్య ఆండ్రోమకీ తండ్రిని చంపినప్పుడు, కవచం ఒలవకుండా మర్యాదగా దహనం చేసి, మట్టిదిబ్బ పోయించాడు. అంటే శత్రువు శవానికి ఏం చేయాలో అతనికి తెలుసు. స్నేహితుడు పోయిన కోపంలో మరిచిపోయాడు.

చివరికి హెక్టర్ తండ్రి, ముసలి రాజు ప్రియామ్, రాత్రిపూట శత్రువుల గుడారానికి వచ్చాడు. కొడుకును చంపిన చేతులనే ముద్దు పెట్టుకుని శవాన్ని అడిగాడు. అకిలీస్‌కు తన తండ్రి గుర్తొచ్చాడు. ఇద్దరూ ఏడ్చారు. శవాన్ని కడిగించి, అకిలీస్ తన చేతులతోనే ఎత్తి పాడె మీద పెట్టాడు. అంత్యక్రియల కోసం 11 రోజులు యుద్ధం ఆపుతానని మాట ఇచ్చాడు.

ఇది విన్నాక నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా తాత చనిపోయినప్పుడు, చేను గట్టు తగాదాతో రెండేళ్ళుగా మాతో మాట్లాడని ఇంటివాళ్ళే ముందుగా కట్టెలు మోసుకొచ్చారు. మా నాయన ఏమీ అనలేదు. చెంబుతో నీళ్ళిచ్చాడు.

నా అభిప్రాయం ఏమిటంటే, మనిషిగా హెక్టరే మంచివాడు. కాని కథలో అన్నిటికంటే గొప్ప పని అకిలీస్ చేశాడు. హెక్టర్‌ను చంపడం కాదు, కోపం దించుకుని తిరిగి ఇచ్చేయడం. మా నాయనకు చదువు రాదు. సెలవులకు పోయినప్పుడు ఈ కథ ఆయనకు చెప్తాను. ఎవరు గొప్పంటాడో అడిగి వస్తాను.

మీరేమంటారో కింద ఉన్న ఖాళీలో రాయండి. కొట్లాట మాత్రం వద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని